ఫోర్కు అడుగున చేరిన నీళ్లు

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులైనప్పుడు, మా నాన్న పాత వందసీసీ టూస్ట్రోక్ బండి రెండు రోజులు నీళ్లలోనే నిలబడింది. ముందు చక్రం ఇరుసు పూర్తిగా మునిగింది. వాన తెరిపిచ్చాక కార్బురేటర్ కడిగించి, ప్లగ్ మార్చి, బండి స్టార్టయిందని సంబరపడ్డాం. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్ల, అంటే ఫోర్కుల, సంగతి ఎవరికీ తట్టలేదు. మూడేళ్లకు ఎడమవైపు సీలు (నూనె బయటికి రాకుండా ఆపే రింగు) దగ్గర నూనె కారడం మొదలైంది. విప్పుదామని కూర్చుంటే ఏ భాగమూ కదల్లేదు.

ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలే ఈ ఫోర్కు. పైనుంచి వచ్చేది ఉక్కు పైపు, దానికి క్రోమియం పూత. కింద చక్రాన్ని పట్టుకునేది అల్యూమినియం పోత, దాన్ని మెకానిక్కులు బాటమ్ అంటారు. లోపల స్ప్రింగు, నూనె, సన్నని రంధ్రాలున్న డ్యాంపర్ రాడ్ ఉంటాయి. గుంటలో పడ్డప్పుడు దెబ్బను స్ప్రింగు మింగుతుంది, కానీ మింగినదాన్ని వెంటనే తిరిగి కక్కుతుంది. ఆ ఊపును అణిచేది నూనె. రంధ్రాల్లోంచి ఇరుకిరుగ్గా దూరుతూ ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఇలా నూనెతో ఊపును అణిచే టెలిస్కోపిక్ ఫోర్కులు 1935లో బీఎండబ్ల్యూ ఆర్12 బండితో మార్కెట్లోకి వచ్చాయి. తిరుమల నుంచి 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో దిగుతూ మలుపు ముందు బ్రేకు పట్టారనుకోండి, బరువంతా ముందుకు వాలుతుంది. అప్పుడు చక్రం రోడ్డును వదలకుండా చూసేది ఆ కాస్త నూనే. కారితే కారనీలే అనుకోదగ్గ భాగం కాదిది.

కొర్లగుంటలో షెడ్డు నడిపే అన్న సాయానికొచ్చాడు. మొదటి అడ్డంకి హ్యాండిల్ కింద రెండు పైపులనూ బిగించి పట్టుకునే టీ అనే భాగం దగ్గరే. పైపును పట్టుకున్న బోల్టు వదులు చేసినా పైపు కిందికి దిగలేదు. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. చోటు లేని సందులో అది మేకులా బిగుస్తుంది. నేను వేలాడినట్టు లాగుతుంటే అన్న ఆపాడు. "లాగితే రాదబ్బా, తిప్పతా లాగు. వస్తాది." వచ్చింది! ఇందులో చక్కటి భౌతికశాస్త్రం ఉంది. ఘర్షణ ఎప్పుడూ కదలికకు ఎదురుదిశలోనే పనిచేస్తుంది. పైపును తిప్పుతున్నంతసేపూ ఘర్షణ బలంలో చాలా భాగం ఆ తిప్పుడుకు అడ్డం పడటానికే సరిపోతుంది. కిందికి దిగకుండా ఆపడానికి మిగిలేది కొంచెమే. వేలికి బిగిసిన ఉంగరాన్ని మన ఇళ్లలో తిప్పుతూ తీసేది కూడా ఇందుకే.

అసలు పట్టు అడుగున ఉంది. బాటమ్ కింది నుంచి ఒక ఎలన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) పైకి వెళ్లి, డ్యాంపర్ రాడ్‌లోకి బిగుస్తుంది. దాని తల కింద నూనె కారకుండా రాగి వాషర్ ఉంటుంది. ముందు నూనె వదిలే రంధ్రానికుండే డ్రెయిన్ స్క్రూ తీశాం. బండి వారం రోజులుగా కదల్లేదు కాబట్టి మొదట మురికి నీళ్లే వచ్చాయి, ఆ వెనక బూడిదరంగు నూనె. నీళ్లు నూనె కంటే బరువు, అడుగుకు చేరతాయి. డ్రెయిన్ రంధ్రమేమో అడుగుకు కాస్త పైన ఉంది. దానికంటే కిందున్న నీళ్లు మూడేళ్లూ సరిగ్గా ఆ బోల్టు చుట్టూనే కూర్చున్నాయి. ఉక్కు బోల్టు, రాగి వాషర్, అల్యూమినియం బాటమ్. మూడు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ మురికి నీళ్లలో ఉంటే అదొక చిన్న బ్యాటరీ. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. బోల్టు గూట్లో గడ్డకట్టిన తెల్ల పొడి ఆ కరిగిన అల్యూమినియం తాలూకుదే.

ఎలన్ కీ పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు నిటారుగా కొట్టాక ఆ పొడి పట్టు విడిచింది. బోల్టు తిరిగింది, కానీ తిరుగుతూనే ఉంది, బయటికి రాలేదు. లోపల డ్యాంపర్ రాడ్ దాంతోపాటే తిరుగుతోంది మరి! ఆ రాడ్‌ను దేనికీ బిగించరు, పైనుంచి స్ప్రింగు నొక్కడం వల్లే అది కదలకుండా ఉంటుంది. మరల్లోని తుప్పు పట్టు స్ప్రింగు పట్టుకంటే గట్టిదైతే రెండూ కలిసే తిరుగుతాయి. కాబట్టి స్ప్రింగు పట్టును పెంచాలి. ఫోర్కును నేలమీద పడుకోబెట్టి, పైపు కొసను గోడకు ఆనించి, నేను బాటమ్‌ను బలమంతా పెట్టి నొక్కాను. స్ప్రింగు కుదించుకుని రాడ్ తలను అదిమింది. అన్న తిప్పగానే బోల్టు 'కిర్రు'మని విడిపోయింది. నిజానికి బండి నిలబడి ఉండగానే, చక్రం తీయకముందే ఈ బోల్టును ఒక చుట్టు వదులు చేసి ఉండాల్సింది. నేను తొందరపడి అన్నీ ఊడదీశాను.

రెండో కాలు ఇంత నొక్కినా లొంగలేదు. పై మూత తీసి స్ప్రింగు బయటికి లాగాం. మూత వెనక స్ప్రింగు ఎగదన్నుతూ ఉంటుంది, ముఖం పక్కకు పెట్టుకుని, అదిమి పట్టుకునే విప్పాలి. తర్వాత సరుగుడు కర్ర కొసను చెక్కి, పైపులోంచి దించి, రాడ్ తలలోకి దిగ్గొట్టాం. మెత్తని కర్ర ఉక్కు అంచులను కరుచుకుంది. ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు బోల్టు తిప్పారు.

ఇక సీలు. డస్ట్ కవర్ కింద, సీలును కదలకుండా పట్టే లాకు ఒకటి తుప్పులో కలిసిపోయి ఉంటుంది, అది తీయకుండా సీలును పెకలిస్తే బాటమ్ అంచు విరుగుతుంది. లాకు తీశాక కూడా సీలు రాలేదు. బాటమ్ చుట్టూ పాత తువ్వాలు చుట్టి, దబరాలో కాగిన నీళ్లు కొద్దికొద్దిగా పోశాం. 40 మిల్లీమీటర్ల సీలు గూడు 60 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం సుమారు 0.055 మిల్లీమీటర్లు సాగుతుంది. సీలు చుట్టూ ఉండే ఉక్కు అంచు అదే వేడికి సాగేది 0.029. తేడా తలవెంట్రుకలో సగం కూడా ఉండదు, అయినా చాలింది. గ్యాస్ మంట పెడితే పని ఇంకా త్వరగా అయ్యేదే, కానీ పోత లోహం బలం చెడుతుంది. నీళ్లతో 100 డిగ్రీలు దాటే భయం లేదు.

పైపును తుడిచి వెలుతురులో తిప్పితే, సీలు జారే చోట క్రోమియంలో సూది మొనంత గుంటలు కనబడ్డాయి. గోరు ఆడిస్తే తగులుతున్నాయి. గట్టి క్రోమియం పూతలో కంటికానని సన్నని పగుళ్లుంటాయి, వాటిలోంచి తేమ ఉక్కును చేరి తుప్పు పట్టిస్తుంది. ఇలాంటి పైపు మీద కొత్త సీలు వేసినా చిరిగిపోతుంది. అందుకని కొత్త పైపులు తెప్పించాం. రాగి వాషర్లు కూడా కొత్తవే, ఒకసారి నలిగిన రాగి రెండోసారి సరిగా అమరదు. రెండు కాళ్లలోనూ నూనె ఒకే కొలత.

సాయంత్రం అలిపిరి దాకా వెళ్లొచ్చి, ముందు చక్రం కింద పాత పేపర్ పరిచి బండి నిలిపాం. తెల్లారి చూస్తే పేపర్ మీద ఒక్క చుక్క లేదు.