మైదానంలో టెన్నిస్ బంతులు: జర్మన్ ఫుట్‌బాల్‌లో ఓటు హక్కు చుట్టూ పాతికేళ్ల పోరు

2023 డిసెంబర్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా జర్మనీ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన బుండెస్‌లీగా మ్యాచ్‌లను వదలకుండా చూసినవారికి ఆట కన్నా ఆట ఆగిపోవడమే ఎక్కువగా గుర్తుండి ఉంటుంది. మొదటి పన్నెండు నిమిషాలు గ్యాలరీల్లో చప్పుడు ఉండేది కాదు. ఆ తర్వాత గోల్‌పోస్టు వెనుక నిలబడి చూసే అభిమానుల గుంపు నుంచి టెన్నిస్ బంతులు వందల కొద్దీ పచ్చికపై వచ్చి పడేవి. ఆటగాళ్లు, సిబ్బంది వంగి వాటిని ఏరుతుంటే, ఏరినంత సేపు పట్టకుండానే మరో విడత వచ్చి పడేది. రిఫరీ ముందు ఆట ఆపి, అప్పటికీ సద్దుమణగకపోతే రెండు జట్లనూ డ్రెస్సింగ్ రూమ్‌కు పంపేసేవాడు. ఫిబ్రవరి 3న బెర్లిన్‌లో హెర్తా, హాంబుర్గ్ జట్ల మధ్య జరిగిన రెండో డివిజన్ మ్యాచ్ ఈ కారణంగానే అరగంటకు పైగా నిలిచిపోయింది. కొన్నిచోట్ల బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు విసిరారు, మరికొన్నిచోట్ల పొగ చిమ్మే రిమోట్ కంట్రోల్ బొమ్మకార్లను మైదానంలోకి తోలారు. శనివారం రాత్రి ఎనిమిదింటికి మన ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవారిలో చాలామందికి ఇది వట్టి అల్లరిగా కనిపించి ఉంటుంది. నిజానికి ఇది లీగ్ ప్రసార ఆదాయంలో వాటాను ఒక ప్రైవేటు పెట్టుబడి సంస్థకు అమ్మే ప్రతిపాదనపై నిరసన; 1998లో జర్మన్ ఫుట్‌బాల్ తీసుకున్న ఒక నిర్ణయంతో మొదలై నేటికీ ముగియని వివాదంలో ఒక ఘట్టం.

ఆ నిర్ణయం అర్థం కావాలంటే జర్మనీలో క్లబ్ అంటే ఏమిటో ముందు తెలియాలి. 1962 జూలై 28న డోర్ట్‌ముండ్‌లో సమావేశమైన జర్మన్ ఫుట్‌బాల్ సంఘం దేశమంతటికీ ఒకే అగ్రశ్రేణి లీగ్ ఉండాలని తీర్మానించింది. మరుసటి ఏడాది ఆగస్టు 24న 16 జట్లతో బుండెస్‌లీగా మొదలైంది. తొలి సీజన్ విజేత కొలోన్. ఆ లీగ్‌లో ఆడిన క్లబ్బులేవీ కంపెనీలు కావు. అవన్నీ సభ్యత్వ రుసుము కట్టిన మనుషులతో ఏర్పడి, చట్టప్రకారం నమోదైన సంఘాలు. వాటికి యజమాని అంటూ ఎవరూ ఉండరు. ఏటా జరిగే సర్వసభ్య సమావేశమే అధ్యక్షుడిని ఎన్నుకుంటుంది, లెక్కలు అడుగుతుంది, అవసరమైతే గద్దె దించుతుంది. ఒకే సంఘం గొడుగు కింద ఫుట్‌బాల్‌తో పాటు హ్యాండ్‌బాల్, జిమ్నాస్టిక్స్, టేబుల్ టెన్నిస్ వంటి విభాగాలు కూడా ఉండటం అక్కడ మామూలే.

ఈ ఏర్పాటు 1990లలో ఇరుకున పడింది. టీవీ ప్రసారాల సొమ్ము పెరిగింది, 1995లో వచ్చిన బోస్మన్ తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు బదిలీ రుసుము లేకుండా వెళ్లిపోయే వీలు కలిగింది, దాంతో జీతాలు ఆకాశానికి ఎక్కాయి. కోట్ల లావాదేవీలను గౌరవ హోదాలో పనిచేసే అధ్యక్షుల చేతుల్లో ఉంచి నడపడం కష్టమని పెద్ద క్లబ్బులు గట్టిగా వాదించాయి. 1998 అక్టోబర్ 24న జర్మన్ ఫుట్‌బాల్ సంఘం ప్రొఫెషనల్ విభాగాన్ని వేరే కంపెనీగా మార్చుకోవడానికి అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది: బయటి పెట్టుబడి ఎంతైనా రావచ్చు, కానీ ఆ కంపెనీలో సగానికి మించి కనీసం ఒక్క ఓటైనా మాతృసంఘం చేతిలో, అంటే సభ్యుల చేతిలో ఉండాలి. దీన్నే 50+1 నిబంధన అంటారు.

ఈ నిబంధన డబ్బును అడ్డుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది అడ్డుకునేది అధికారాన్ని మాత్రమే. బాయర్న్ మ్యూనిక్‌నే చూడండి. దాని కంపెనీలో అడిడాస్, ఆడి, అలియాంజ్ సంస్థలకు ఒక్కొక్కదానికి 8.33 శాతం వాటా ఉంది, మిగిలిన 75 శాతం మూడు లక్షలకు పైగా సభ్యులున్న సంఘానిది. డోర్ట్‌ముండ్ 2000లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లి మూలధనంలో ఎక్కువ భాగాన్ని బయటివారికి అమ్మేసింది. అయినా కంపెనీని నడిపే హక్కున్న భాగస్వామి పూర్తిగా సంఘానిదే కావడంతో పగ్గాలు సభ్యుల దగ్గరే ఉండిపోయాయి. సభ్యుడి ఓటుకు విలువేమిటో 2021 నవంబర్‌లో బాయర్న్ సర్వసభ్య సమావేశంలో తెలిసింది. ఖతార్ ఎయిర్‌వేస్‌తో ఉన్న స్పాన్సర్‌షిప్‌పై సభ్యులు పెట్టదలచిన తీర్మానాన్ని చర్చకు రానివ్వకపోవడంతో ఆ సమావేశం అర్ధరాత్రి దాటాక అరుపుల మధ్య ముగిసింది. 2023లో గడువు తీరాక ఆ ఒప్పందం కొనసాగలేదు. యజమాని సొంత ఆస్తిగా ఉండే క్లబ్బులో అభిమాని ఈల వేయగలడు, టికెట్ కొనడం మానేయగలడు, అంతకు మించి నిలదీసే వేదిక అతనికి దొరకదు.

అయితే 1998 నిబంధనలో మొదటి రోజు నుంచే ఒక సందు ఉంది. 1999 జనవరి 1 నాటికి ఇరవై ఏళ్లకు పైగా ఒక క్లబ్బును నిరంతరాయంగా, గణనీయంగా పోషించిన సంస్థకు మినహాయింపు ఇచ్చారు. బేయర్ మందుల కంపెనీ కార్మికుల కోసం 1904లో పుట్టిన లెవర్కూసెన్, ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ పట్టణంలో 1945లో ఏర్పడిన వోల్ఫ్స్‌బుర్గ్ ఈ వెసులుబాటు పొందాయి. ఆ రెండింటికీ చరిత్ర ఉంది కాబట్టి అప్పట్లో పెద్దగా ఎవరూ అభ్యంతరపెట్టలేదు. కానీ ఒకరికిచ్చిన మినహాయింపును చూపించి మరొకరు అడగకుండా ఉంటారా? హానోవర్ 96 అధిపతి మార్టిన్ కిండ్ అడిగారు. నిబంధనను ఎత్తివేయాలని 2009 నవంబర్‌లో ఆయన పెట్టిన ప్రతిపాదనను మొదటి రెండు డివిజన్లలోని 36 క్లబ్బుల్లో 32 తిరస్కరించాయి. ఆయన మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లారు. 2011లో ఆ న్యాయస్థానం నిబంధనను నిలబెట్టి, 1999 అనే గడువును మాత్రం కొట్టేసింది. అప్పటినుంచి ఇరవై ఏళ్లు పోషించిన ఎవరైనా మినహాయింపు అడగవచ్చన్నమాట. శాప్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సహ వ్యవస్థాపకుడు డీట్‌మార్ హాప్ తాను చిన్నప్పుడు ఆడిన హాఫెన్‌హైమ్ క్లబ్బును సొంత డబ్బుతో కింది డివిజన్ల నుంచి 2008 నాటికి బుండెస్‌లీగాకు తెచ్చి, 2015లో ఆ మినహాయింపు సాధించారు.

లైప్‌జిగ్ దారి వేరు. 2009లో రెడ్ బుల్ కంపెనీ ఐదో అంచెలో ఆడుతున్న మార్క్‌రాన్‌స్టెట్ అనే చిన్న క్లబ్బు ఆడే హక్కును తీసుకుని లైప్‌జిగ్ పేరుతో కొత్త జట్టును నిలబెట్టింది. ఏడేళ్లలో, అంటే 2016లో, అది బుండెస్‌లీగాకు చేరింది. కాగితం మీద అది 50+1ను పాటించింది. కానీ ఓటు హక్కున్న సభ్యుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టదగినంత తక్కువగా, అదీ కంపెనీకి సన్నిహితులైన వారితోనే ఉండేలా చూసుకుంది. నిబంధన అక్షరం మిగిలి ఆత్మ పోవడమంటే ఇదేనని మిగతా క్లబ్బుల అభిమానులు మండిపడ్డారు. ఆ కోపం కొన్నిసార్లు హద్దు దాటింది. 2016 ఆగస్టులో డ్రెస్‌డెన్‌లో జరిగిన కప్ మ్యాచ్‌లో గ్యాలరీ నుంచి తెగిన ఎద్దు తలను విసిరారు. దాన్ని ఎవరూ సమర్థించలేరు. 2020 ఫిబ్రవరి 29న హాప్‌ను దూషిస్తూ బాయర్న్ అభిమానులు ఎత్తిన బ్యానర్ వల్ల హాఫెన్‌హైమ్‌లో మ్యాచ్ రెండుసార్లు ఆగింది. అప్పటికి బాయర్న్ ఆరు గోల్స్ ఆధిక్యంలో ఉంది. చివరి పదమూడు నిమిషాలూ రెండు జట్ల ఆటగాళ్లు నిరసనగా బంతిని ఒకరికొకరు అందించుకుంటూ నిలబడిపోయారు. ఒక వ్యక్తిని దూషించడం తప్పే. అయితే అసలు గొడవ వ్యక్తితో కాదు, మినహాయింపుతో. ఆ రోజు టీవీ చర్చల్లో ఆ మాట దాదాపు వినిపించలేదు.

ఇదే కాలంలో అభిమానులు వ్యవస్థతో పోరాడి గెలవడం కూడా నేర్చుకున్నారు. 2012 చివర్లో స్టేడియం భద్రత పేరిట క్లబ్బులు కఠిన నియమాలు తేబోతుండగా, దేశమంతటా గ్యాలరీలు ప్రతి మ్యాచ్‌లోనూ పన్నెండు నిమిషాల పన్నెండు సెకన్ల పాటు మౌనం పాటించాయి. డిసెంబర్ 12న ఓటింగ్ జరగనుండటమే ఆ లెక్కకు కారణం. పాటలు, డప్పులు, జెండాలు లేని ఆ నిమిషాల్లో, టీవీ కంపెనీలు అమ్ముకునే సరుకులో సగం ఎక్కడినుంచి వస్తుందో అందరికీ అర్థమైంది. నియమాలు ఆగలేదు గానీ ఆ ఆయుధం మాత్రం చేతికొచ్చింది. 2016 ఫిబ్రవరిలో టికెట్ ధరలకు నిరసనగా డోర్ట్‌ముండ్ అభిమానులు స్టుట్‌గార్ట్‌లో టెన్నిస్ బంతులు విసిరారు. 2017–18 సీజన్‌లో సోమవారం రాత్రి మ్యాచ్‌లు మొదలయ్యేసరికి కోపం కట్టలు తెంచుకుంది. ఉద్యోగాలు, చదువులు ఉన్నవాళ్లు సోమవారం రాత్రి దూరపు ఊళ్లకు జట్టు వెంట ఎలా వెళ్తారు? 2018 ఫిబ్రవరి 26న ఆగ్స్‌బుర్గ్‌తో మ్యాచ్‌కు డోర్ట్‌ముండ్‌లో దాదాపు పాతిక వేలమంది నిలబడి చూసే దక్షిణ గ్యాలరీ బోసిపోయింది. ఎనభై ఒక్క వేలు పట్టే స్టేడియానికి 54 వేలమందే వచ్చారు. ఆ ఏడాది నవంబర్‌లోనే లీగ్ సోమవారం మ్యాచ్‌లను 2021–22 నుంచి ఎత్తివేస్తామని ప్రకటించింది.

ఈ నేపథ్యంలోనే 2023 నాటి పెట్టుబడి ప్రతిపాదనను చూడాలి. రెండు డివిజన్లలోని 36 క్లబ్బుల తరఫున లీగ్‌ను నడిపే డీఎఫ్ఎల్ సంస్థ, ఇరవై ఏళ్ల పాటు వచ్చే ప్రసార ఆదాయంలో కొంత శాతం వాటాను ఒక ప్రైవేటు పెట్టుబడి సంస్థకు అమ్మి, ఆ సొమ్ముతో డిజిటల్ ప్రసారాలను, విదేశీ మార్కెట్‌ను పెంచుకోవాలని భావించింది. ఇంగ్లిష్ లీగ్‌తో ఆదాయంలో వెనకబడిపోతున్నామన్న ఆందోళనలో నిజం లేకపోలేదు. అయితే రాబోయే ప్రసార ఆదాయాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో జర్మన్ క్లబ్బులు 2002లోనే చూశాయి. ఆ ఏడాది హక్కులు కొన్న కిర్ష్ మీడియా దివాలా తీయడంతో ఎన్నో క్లబ్బుల బడ్జెట్లు తలకిందులయ్యాయి. అప్పులు చేసి ఆటగాళ్లను కొన్న డోర్ట్‌ముండ్ 2005లో దివాలా అంచు దాకా వెళ్లి, రుణదాతల సమావేశంలో ఆమోదం దొరికి బతికి బయటపడింది.

2023 మే 24న మొదటి ప్రతిపాదనకు కావలసిన మూడింట రెండు వంతులు, అంటే 24 ఓట్లు రాలేదు, ఇరవైతో ఆగిపోయింది. వాటాను ఎనిమిది శాతానికి, రాబడిని సుమారు 100 కోట్ల యూరోలకు తగ్గించి డిసెంబర్ 11న మళ్లీ ఓటు పెట్టారు. ఈసారి అనుకూలం 24, వ్యతిరేకం 10, తటస్థం 2. సరిగ్గా కావలసినన్ని ఓట్లే పడ్డాయి, ఒక్కటి తగ్గినా వీగిపోయేది. ఓటింగ్ రహస్యంగా జరిగింది. హానోవర్ మాతృసంఘం తన ప్రతినిధిగా వెళ్లిన మార్టిన్ కిండ్‌ను వ్యతిరేకంగా ఓటేయమని ముందే ఆదేశించింది. ఆయన ఎలా ఓటేశారో వెల్లడించలేదు. మాతృసంఘం మాట కాదని ఆయన అనుకూలంగా ఓటేసి ఉంటే, ఆ తీర్మానం 50+1ను ఉల్లంఘించి గెలిచినట్టేనని అభిమాన సంఘాలు వాదించాయి. గ్యాలరీల్లో మంట అంతగా రేగడానికి డబ్బు కన్నా ఈ అనుమానమే పెద్ద కారణమని నా అభిప్రాయం. సభ్యుడికి మిగిలిన ఆ ఒక్క ఓటు కూడా మూసిన తలుపుల వెనుక చెల్లకుండా పోయిందన్న బాధ అందులో ఉంది.

నిరసనకారులు టెన్నిస్ బంతిని ఎంచుకోవడంలో ఆలోచన ఉంది. అది మెత్తనిది, ఎవరికీ గాయం కాదు, జేబులో పెట్టుకుని లోపలికి తేవచ్చు. ఏరడానికి పట్టే ప్రతి నిమిషం ప్రసార సమయంలోంచి పోతుంది, అంటే అమ్మకానికి పెట్టిన సరుకే తరుగుతుంది. వాటా కొనే పోటీలో ఉన్న రెండు పెట్టుబడి సంస్థల్లో బ్లాక్‌స్టోన్ ఫిబ్రవరి మధ్యలో తప్పుకుంది, సీవీసీ ఒక్కటే మిగిలింది. ఫిబ్రవరి 21న డీఎఫ్ఎల్ అధ్యక్షవర్గం ఆ ప్రక్రియను పూర్తిగా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి వారాంతానికి బంతులు ఆగిపోయి పాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ సీజన్ ముగింపు అభిమానులను ఇంకో రకంగా ఆలోచింపజేసింది. వరసగా పదకొండేళ్లు బాయర్న్ చేతిలోనే ఉన్న టైటిల్‌ను 2024 ఏప్రిల్ 14న షాబి అలోన్సో శిక్షణలోని లెవర్కూసెన్ గెలుచుకుంది. 28 విజయాలు, ఆరు డ్రాలతో, ఒక్క ఓటమి కూడా లేకుండా సీజన్ ముగించిన తొలి బుండెస్‌లీగా జట్టు అది. ఆ ఆట అందాన్ని మెచ్చుకోనివారు లేరు. అదే సమయంలో ఆ జట్టు మినహాయింపు పొందిన క్లబ్ అన్న సంగతిని కూడా ఎవరూ మరిచిపోలేదు. 50+1 ఉన్నంతకాలం బాయర్న్‌ను ఎవరూ అందుకోలేరని వాదించేవారికి ఇదొక ఉదాహరణగా దొరికింది. ఆ వాదనకు నా జవాబు బెర్లిన్‌లోనే ఉంది. 2019 నుంచి హెర్తాలో ఒక పెట్టుబడిదారు 37 కోట్ల యూరోలకు పైగా పోశాడు, 2023లో ఆ క్లబ్ రెండో డివిజన్‌కు పడిపోయింది. అదే ఊళ్లో, 2008లో రెండు వేలకు పైగా అభిమానులు తమ చేతులతో స్టేడియాన్ని పునర్నిర్మించుకున్న యూనియన్ బెర్లిన్ అదే ఏడాది చాంపియన్స్ లీగ్‌కు చేరింది. డబ్బు అవసరం లేదని దీనర్థం కాదు. డబ్బు పెట్టినవాడి చేతికే తీర్పు కూడా అప్పగిస్తే ఆట బాగుపడుతుందనడానికి ఆధారం లేదు.

మినహాయింపుల సంగతి జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ ముందుకు వెళ్లింది. 2018లో డీఎఫ్ఎలే నిబంధనను పరిశీలించమని ఆ సంస్థను కోరింది. 50+1 సూత్రం చట్టబద్ధమే గానీ మినహాయింపులు అనుమానాస్పదమని 2021లో అది ప్రాథమికంగా తేల్చింది. దానికి స్పందనగా కొత్త మినహాయింపులు ఇవ్వబోమని లీగ్ ఒప్పుకుంది. డీట్‌మార్ హాప్ తన ఓటు ఆధిక్యతను 2023లో స్వచ్ఛందంగా సంఘానికి తిరిగి ఇచ్చేస్తానని ప్రకటించారు. కిండ్‌ను హానోవర్ ప్రొఫెషనల్ కంపెనీ నిర్వాహక పదవి నుంచి మాతృసంఘం తొలగించడం చెల్లుతుందని 2024 జూలైలో సమాఖ్య అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. 2025 జూన్‌లో నియంత్రణ సంస్థ మరో అడుగు ముందుకు వేసి, నిబంధనను ఉంచాలనుకుంటే అందరికీ ఒకేలా అమలు చేయాలని స్పష్టం చేసింది. లెవర్కూసెన్, వోల్ఫ్స్‌బుర్గ్‌ల వెసులుబాటు శాశ్వతంగా ఉండరాదని, లైప్‌జిగ్ వంటి క్లబ్బులు ఓటు హక్కున్న సభ్యత్వాన్ని కొత్తవారికి తెరవాలని, డీఎఫ్ఎల్ సొంత ఓటింగుల్లో కూడా మాతృసంఘాల మాట నిజంగా చెల్లేలా చూడాలని చెప్పింది. ఆ సవరణలు ఓటుకు వచ్చినప్పుడు నిర్ణయించేది మళ్లీ ఆ 36 క్లబ్బులే. ఈసారైనా ఏ క్లబ్ ఎటు ఓటేసిందో దాని సభ్యులకు తెలిసేలా బహిరంగంగా ఓటింగ్ జరగాలి. గ్యాలరీలు 2024 చలికాలం నుంచి అడుగుతున్నది కూడా అదే.