బ్యాటరీలో ఎంత మిగిలింది? షంట్ చెప్పే లెక్క

వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకుని, కరెంటు స్తంభాలకు దూరంగా తిరుగుతూ ఉండే ఒక పాఠకుడు ఇలా అడిగారు: "రాత్రి పడుకునే ముందు మీటర్ 13.1 వోల్టులు చూపించింది. 12 వోల్టుల లిథియం బ్యాటరీ 13 పైన ఉందంటే నిండుగా ఉన్నట్టే కదా? తెల్లారకముందే ఫ్రిజ్, ఫ్యాన్ అన్నీ ఆగిపోయాయి. మీటర్ పాడైందా?"

మీటర్ బాగానే ఉంది, అది చూపించిన అంకె కూడా నిజమే. కాకపోతే ఆ అంకెను బట్టి ఎంత మిగిలిందో తేల్చడం ఈ రకం బ్యాటరీలో దాదాపు అసాధ్యం.

వోల్టులు చూసి అంచనా వేసే అలవాటు లెడ్ యాసిడ్ బ్యాటరీల కాలం నుంచి వచ్చింది. వాటిని కొన్ని గంటలు వాడకుండా వదిలేసి కొలిస్తే, నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.7, సగానికి దిగాక 12.2 వోల్టులు వస్తాయి. ఆ అర వోల్టు తేడాతో ఉజ్జాయింపుగా నెట్టుకురావచ్చు. ఇలాంటి వ్యాన్లలో వాడే 12 వోల్టుల లిథియం బ్యాటరీ సాధారణంగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. దాని దగ్గర ఆ పప్పులేం ఉడకవు. 80 శాతం నుంచి 30 శాతానికి పడిపోయినా దాని వోల్టేజి తగ్గేది 0.2 నుంచి 0.3 వోల్టులే. 1997లో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం ప్రకటించిన ఈ పదార్థంలో, లిథియం నిండిన ఘన ప్రావస్థ (ఫేజ్) ఒకటి, లిథియం ఖాళీ అయినది ఇంకొకటి పక్కపక్కనే ఉంటాయి. బ్యాటరీ వాడుతున్నకొద్దీ ఒకటి పెరిగి రెండోది తరుగుతుందే తప్ప, దేని కూర్పు దానిదే. రెండూ కలిసి ఉన్నంతసేపు వోల్టేజిని నిర్ణయించే లిథియం రసాయన పొటెన్షియల్ స్థిరంగా ఉంటుంది. అందుకే వోల్టేజి పెద్దగా కదలదు. పరికరాలకు ఇది వరం, మిగిలింది ఎంతో తెలుసుకోవాలనుకునే మనకు మాత్రం తలనొప్పి.

పైగా లోడ్ సంగతి ఉంది. ఇన్వర్టర్ మీద 1000 వాట్ల పరికరం పెడితే బ్యాటరీ నుంచి 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది. వైర్లు, కనెక్షన్లు, బ్యాటరీ లోపలి నిరోధం అన్నీ కలిపి 5 మిల్లీఓమ్‌లు అనుకున్నా, అక్కడే 0.4 వోల్టు పోతుంది. సగం బ్యాటరీ ఖాళీ అయితే వచ్చే తేడా కంటే, స్విచ్ వేస్తే వచ్చే తేడాయే ఎక్కువ!

కాబట్టి బ్యాటరీని అడగడం మానేసి, దాంట్లోకి వచ్చిపోయే కరెంటును లెక్కపెట్టాలి. ఆ పనికి వాడేది షంట్, అంటే బ్యాటరీ నెగటివ్ వైరు దారిలో బిగించే అతి చిన్న నిరోధం. నాకు ఎంతో ఇష్టమైన పరికరం ఇది. చేతిలోకి తీసుకుంటే రెండు ఇత్తడి దిమ్మెలు, వాటి మధ్య మాంగనిన్ పలకలు, పైన సన్న వైర్లకు రెండు చిన్న స్క్రూలు, అంతే. మాంగనిన్ అంటే రాగి, మాంగనీస్, కొద్దిగా నికెల్ కలిసిన లోహం. 1892లో ఎడ్వర్డ్ వెస్టన్ తయారుచేశారు. వేడెక్కినా దీని నిరోధం దాదాపు మారదు. పలకల అంచున చిన్న గాట్లు కనిపిస్తే అది లోపం అనుకోకండి. నిరోధం సరిగ్గా రావడానికి అక్కడ కాస్త లోహం కోసి సరిచేస్తారు.

500 ఆంపియర్లు పారితే 50 మిల్లీవోల్టులు ఇచ్చే షంట్ నిరోధం 0.1 మిల్లీఓమ్. ఒక ఆంపియర్ లైటు వేస్తే దాని మీద వచ్చేది 100 మైక్రోవోల్టులు. సన్న వైర్లతో షంట్‌కు కలిపిన బ్యాటరీ మానిటర్ ఆ పిసరంత వోల్టేజిని కొలిచి, ఓమ్ సూత్రంతో కరెంటుగా మార్చి, కాలంతో గుణించి కూడుతూ పోతుంది. బడిలో ఓమ్ సూత్రం మార్కుల కోసం బట్టీ పట్టే మూడక్షరాలుగా మిగిలిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఒక షంట్, ఒక మల్టీమీటర్ బల్ల మీద పెడితే ఆ పాఠం పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఈ కూడిక అచ్చం పాతకాలపు ఓడ నడపడం లాంటిది. తీరం కనిపించని సముద్రంలో నావికుడు ఓడ వేగాన్ని కొలిచి, గడిచిన గంటలతో గుణించి, బయల్దేరిన చోటి నుంచి ఎంత దూరం వచ్చామో లెక్కగట్టేవాడు. మానిటర్‌కు ఆంపియర్లే వేగం, ఆంపియర్ అవర్లే దూరం. కొలతలో తప్పు ఎంత చిన్నదైనా, ప్రతి గంటా అదే వైపు తప్పితే ఓడ లెక్క ఎక్కడికో పోతుంది. ఇక్కడా అంతే. కరెంటు ఏమీ పారనప్పుడు కూడా మానిటర్ 0.05 ఆంపియర్ అని లెక్కిస్తుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఏహెచ్), 20 రోజులకు 24 ఏహెచ్. 200 ఏహెచ్ బ్యాటరీలో అది 12 శాతం. నావికుడికి అడుగున లాగే సముద్ర ప్రవాహాలు వేగం కొలతలో కనపడవు. మానిటర్ విషయంలోనూ అలాంటివి ఉన్నాయి. కొన్ని మానిటర్లు 0.1 ఆంపియర్ లోపు కరెంటును సున్నాగా తీసుకునేలా పెట్టి ఉంటాయి. ఏ అలారమో 0.08 ఆంపియర్ చొప్పున లాగుతూ ఉంటే రోజుకు దాదాపు 2 ఏహెచ్ లెక్కలోకి రాకుండా పోతుంది.

లెడ్ యాసిడ్‌లో ఇంకో చిక్కు. ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుందని 1897లో జర్మన్ శాస్త్రవేత్త పోయికర్ట్ సూత్రీకరించారు. 20 గంటల రేటున, అంటే 5 ఆంపియర్లతో, 100 ఏహెచ్ ఇచ్చే బ్యాటరీని 20 ఆంపియర్లతో లాగితే, ఆ తగ్గుదల ఎంతో చెప్పే పోయికర్ట్ ఘాతం 1.2 అనుకుంటే, వచ్చేది సుమారు 76 ఏహెచ్. మానిటర్‌కు ఈ ఘాతం మనమే చెప్పాలి. లిథియంలో అది 1.05 దగ్గర ఉంటుంది కాబట్టి టెన్షన్ తక్కువ.

మరి ఓడకు దీపస్తంభం కనపడితే? అప్పటిదాకా వేసిన లెక్క కొట్టేసి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతారు. బ్యాటరీకి ఆ దీపస్తంభం ఫుల్ ఛార్జ్. వోల్టేజి ఒక హద్దు దాటి, లోపలికి వెళ్లే కరెంటు సామర్థ్యంలో కొద్ది శాతానికి తగ్గి, కొన్ని నిమిషాలు అలాగే ఉంటే మానిటర్ 100 శాతం అని దిద్దుకుంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ హద్దును లిథియంకు 13.2 అని పెట్టేస్తే, మబ్బు పట్టిన సాయంత్రం సోలార్ నుంచి పల్చగా కరెంటు వస్తున్నప్పుడు, సగం బ్యాటరీని కూడా మానిటర్ 100 అనేస్తుంది. ఛార్జర్ 14.2 వోల్టుల దాకా తీసుకెళ్తుంటే ఈ హద్దు 14 దగ్గర ఉండాలి. వారాల తరబడి ఫుల్ ఛార్జ్ అవ్వకపోతే ఆ శాతాన్ని గట్టిగా నమ్మొద్దు.

లెక్క సరిచూడాలని నెలకోసారి బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసేవాళ్లున్నారు. అది నికెల్ కాడ్మియం రోజుల నమ్మకం. లెడ్ యాసిడ్‌ను అలా చేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఆయుష్షు తగ్గుతుంది. లిథియంకూ ఒరిగేదేమీ లేదు. సరిదిద్దేది పైనున్న చివర, కిందిది కాదు.

ఆ పాఠకుడి విషయానికి వస్తే, లోడ్ తక్కువగా ఉన్నప్పుడు 13.1 అంటే సుమారు 40 శాతమే ఉండొచ్చు, అదీ ఉజ్జాయింపే. 100 ఏహెచ్ బ్యాటరీ అయితే 40 ఏహెచ్. ఫ్రిజ్, ఫ్యాన్ కలిసి సగటున 5 ఆంపియర్లు లాగితే ఎనిమిది గంటలకు సరి. షంట్ పెట్టుకుంటే ఒక్క జాగ్రత్త: బ్యాటరీ నెగటివ్‌కు షంట్ తప్ప వేరే వైరు తగలకూడదు. పరీక్ష చాలా తేలిక. అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే వేస్తూ ఆంపియర్ల అంకె చూడండి. ఏది వేసినప్పుడు అంకె కదలలేదో, దాని నెగటివ్ వైరు షంట్‌ను దాటేసి నేరుగా బ్యాటరీకి వెళ్లినట్టు. ఆ వైరు ఊడదీసి షంట్ రెండో వైపు బిగించాలి.