‘గ్యాసేనండీ’ అనే ముందు: గుండె నరాల మీద అపోహలు - వాస్తవాలు

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు నుంచి రాత్రిపూట మా క్యాజువాలిటీకి వచ్చే హమాలీలు చాలామంది గుమ్మంలోనే ఒక మాట అనేస్తారు: ‘గ్యాసేనండీ, ఒక ఇంజెక్షన్ చేసి పంపించండి, తెల్లారి లోడు ఎత్తాలి.’ పక్కన భార్య నిలబడి ఉంటుంది, చేతిలో సగం తాగిన సోడా సీసా. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయి ఉంటుంది. మణికట్టు పట్టుకుంటే చల్లగా తగులుతుంది. నాడి లెక్కపెడితే ఒక్కోసారి నిమిషానికి 45. అలాంటి మనిషికి ముందు పడాల్సింది గ్యాస్ ఇంజెక్షన్ కాదు, ఈసీజీ తీగలు. ఇరవై ఏళ్లుగా ఇదే మాట చెబుతున్నాను, అయినా చెబుతూనే ఉండాలి.

అపోహ: గుండెకి ఏదైనా అయితే గుండెలోనే నొప్పి తెలుస్తుంది. వాంతి, కడుపులో మంట ఉంటే అది గ్యాసే.

వాస్తవం: గుండెని చేత్తో ముట్టుకున్నా మనిషికి తెలియదు. ఇది 1641లోనే విలియం హార్వీ అనే వైద్యుడు చూశాడు. చిన్నప్పటి దెబ్బకి పక్కటెముకలు విరిగి, ఎడమవైపు ఛాతీలో రంధ్రం మిగిలిపోయిన ఒక యువకుడిని ఆయన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రంధ్రంలోంచి కొట్టుకుంటున్న గుండెని ఇద్దరూ వేలితో తాకారు. కళ్లతో చూస్తే తప్ప, లేదా పై చర్మానికి చెయ్యి తగిలితే తప్ప, ఆ కుర్రాడికి తాకిన సంగతే తెలియలేదు.

అంటే గుండెకి నరాలు లేవని కాదు. తాకిడిని పట్టే నరాలు కావవి. గోడ సాగినప్పుడు, రక్తం అందక కండరంలో ఆమ్లం, పొటాషియం, బ్రాడీకైనిన్, అడినోసిన్ లాంటివి పోగైనప్పుడు మేలుకునే నరాలు. మన ఊరివాళ్లకి సులువుగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోట్లో ఏ గ్రాహకం (కబురు పట్టే భాగం) మండుతుందో, అదే గ్రాహకం గుండె నరాల చివర్లలోనూ ఉంది. దాని పేరు టీఆర్‌పీవీ1. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఎలుకల గుండె పైపొర మీద మిరప ఘాటు రసాయనం కాప్సైసిన్ పూస్తే బీపీ పెరుగుతుంది. మిరపకాయ తింటే గుండెకి మంట వస్తుందని దీనర్థం కాదు, దయచేసి అలా ఫార్వర్డ్ చెయ్యకండి.

అసలు చిక్కు ఈ సంకేతం వెళ్లే దారుల్లో ఉంది. దారులు రెండు. ఒకటి సింపథెటిక్ నరాల (కంగారులో గుండె వేగం పెంచే నరాలు) వెంట వెన్నుపాము పైభాగానికి చేరుతుంది. ఎడమ చెయ్యి లోపలివైపు నుంచి, ఛాతీ చర్మం నుంచి, అన్నవాహిక నుంచి వచ్చే కబుర్లు కూడా ఆ దగ్గర్లోనే దిగుతాయి. రెండు ఇళ్లకి ఒకే కాలింగ్ బెల్ ఉంటే ఏ ఇంటికి ఎవరొచ్చారో తెలియదు కదా, మెదడు పరిస్థితి కూడా అంతే. రోజూ కబుర్లు వచ్చేది చర్మం నుంచీ కడుపు నుంచీ కాబట్టి నేరం వాటి మీదే వేస్తుంది. అందుకే దవడ లాగుతోందని పళ్ల డాక్టర్ దగ్గర కూర్చున్నవాళ్లు, భుజానికి జండూబామ్ రాయించుకున్నవాళ్లు చివరికి నా దగ్గరికి వస్తారు. త్రేన్పు వచ్చి కాస్త తేలికపడినంత మాత్రాన గుండె కాదని చెప్పలేం.

రెండో దారి వేగస్ నరం, మెదడు నుంచి గుండెకీ కడుపుకీ దిగే పొడుగాటి నరం. గుండె కింది, వెనక గోడల నుంచి ఎక్కువగా ఈ దారిలోనే కబురు వెళుతుంది, అది నేరుగా మెదడు అడుగున ఉండే మెడుల్లాకి చేరుతుంది. అక్కడి నుంచి తిరిగొచ్చే జవాబు నొప్పి కాదు. నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, వికారం, వాంతి. 1867లో బెజోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు జంతువులకి వెరాట్రమ్ అనే మొక్క మందు ఎక్కించి నాడీ, బీపీ పడిపోవడం చూశాడు. అది వేగస్ ద్వారా జరిగే ప్రతిక్రియ అని తర్వాత జారిష్ తేల్చాడు. సోడా సీసాతో వచ్చే మనిషిలో నేను చూసేది చాలాసార్లు అదే. ఈసీజీలో గుండె కింది గోడని చూపించే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో గీతలు పైకి లేచి ఉంటాయి.

మా పెదనాన్నది తెనాలి పక్క పల్లె. పద్నాలుగేళ్లుగా షుగర్. నేను అప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాను. ఒక రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, ఒళ్లంతా చెమట. ఊళ్లో సూదిమందు వేసే ఆయన గ్యాస్ అన్నాడు, సూది వేశాడు, నిమ్మకాయ సోడా తాగమన్నాడు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, ‘నొప్పి ఉందా అంటే లేదంటున్నార్రా’ అంది. నొప్పి లేదనేసరికి నేనూ కుదుటపడ్డాను. ‘పొద్దున్నే గుంటూరు తీసుకురా పెద్దమ్మా’ అన్నాను. పొద్దుటికి ఆయన లేడు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే గుండె నుంచి కబురు మోసే సన్నటి నరాలే దెబ్బతింటాయి. కండరం చచ్చిపోతున్నా నొప్పి రాకపోవచ్చు. ఆ పాఠం నేను పరీక్షలో బాగానే రాశాను. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు గుర్తుకు రాలేదు.

అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా ‘నొప్పి ఉందా’ అన్నది నా మొదటి ప్రశ్న కాదు. చెమట పట్టిందా? ఒళ్లు చల్లబడిందా? ఆయాసం ఉందా? షుగర్ ఎన్నేళ్లుగా ఉంది? ఈ నాలుగూ అడుగుతాను. మీరూ ఇంట్లో ఇవే అడగండి.

అపోహ: ఇవన్నీ పిల్లుల మీద, కుక్కల మీద చేసిన ప్రయోగాలు, మనకెందుకు?

వాస్తవం: మనకి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం వాటి నుంచే తెలిసింది. 1950ల్లో మన దేశపు శాస్త్రజ్ఞుడు ఔతార్ సింగ్ పెయింటల్ పిల్లి వేగస్ నరంలోంచి ఒక్కొక్క పోగునే విడదీసి, దాంట్లో నడిచే సంకేతాన్ని రికార్డు చేశాడు. కర్ణిక (గుండె పై గది) ముడుచుకునేటప్పుడు పలికే గ్రాహకాలు వేరు, రక్తంతో నిండేటప్పుడు పలికేవి వేరు అని చూపించాడు. పోగు వెంట్రుక కన్నా సన్నం. ఎంత ఓపిక కావాలో ఊహించుకోండి. అయితే జంతువు తనకి నొప్పిగా ఉందని నోటితో చెప్పదు. అక్కడ దొరికేది సంకేతం, ప్రతిక్రియ. అది మనిషికి ఎలా అనిపిస్తుందో మనిషినే అడగాలి, అందుకే పేషెంటు మాట ఓపిగ్గా వినాలి.

అపోహ: మెదడు నుంచి నరాలు తెగితే గుండె ఆగిపోతుంది. ఆగదు. మా ఫస్టియర్ ల్యాబులో రింగర్ ద్రావణం (లవణాలు కలిపిన నీళ్లు) పోసిన గాజు గిన్నెలో కప్ప గుండె ఒంటరిగా కొట్టుకుంటూనే ఉండేది, చుట్టూ మేం మాటలు మానేసి చూసేవాళ్లం. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లలోనూ నరాలు తెగే ఉంటాయి. గుండె నడుస్తుంది, కానీ రక్తం అందకపోయినా వాళ్లలో చాలామందికి ఛాతీ నొప్పి తెలియదు.

అపోహ: దడ వచ్చి తగ్గాక మాటిమాటికీ మూత్రం వస్తే షుగర్ వచ్చినట్టే. కంగారుపడకండి. 1956లో కుక్కల ఎడమ కర్ణికలో బెలూన్ ఉబ్బించి చూస్తే మూత్రం పెరిగింది. దడలోనూ కర్ణిక గోడ అలాగే సాగొచ్చు. గోడ సాగితే నీళ్లు ఎక్కువయ్యాయని శరీరం అనుకుంటుంది. ఆ దడ ఎందుకొచ్చిందో మాత్రం చూపించుకోండి.

అపోహ: హార్ట్ ఎటాక్ వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారు. అబద్ధం. దగ్గుతూ కూర్చున్న సమయం పోయినట్టే.

విజయవాడ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తుంటారు, ఒక్క వేలితో చోటు చూపించి ‘ఇక్కడ సూది గుచ్చినట్టుంది సార్’ అంటారు, మొహంలో ప్రాణం ఉండదు. చాలావరకు అది గుండె కాదు. కానీ వాళ్ల భయం నిజం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం నిజం. ఈసీజీ తీసి, కూర్చోబెట్టి, కాగితం మీద గీతలు చూపించి చెబితే సగం టెన్షన్ అక్కడే దిగుతుంది. గ్యాస్ అని తేలి వెనక్కి వెళ్లినవాళ్లని నేనెప్పుడూ ‘అనవసరంగా వచ్చారు’ అనలేదు.

అపోహ: ఈసీజీ మామూలుగా ఉంది, ఇక ఇంటికెళ్లొచ్చు. తొందరపడకండి. మొదటి ఈసీజీ ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో తీయాలి. అది బాగున్నా చెమట, వికారం తగ్గకపోతే కాసేపాగి మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చెయ్యాలి. రెండోసారి తియ్యమని మీరు అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చేటప్పుడు బండి మీ అంతట మీరు నడుపుకుంటూ రాకండి, 108కి ఫోన్ చెయ్యండి.