సిఫారసు ఉత్తరం నుంచి తెల్ల కార్డు దాకా: ఆరోగ్యశ్రీకి ముందూ తర్వాతా

2007కి ముందు పేదింట్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ అవసరమైతే ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఆసుపత్రి రాసిచ్చిన ఖర్చు అంచనా, రేషన్ కార్డు జిరాక్సు పట్టుకుని వాకిట్లో నిలబడాలి. సిఫారసు ఉత్తరం దొరికితే ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాలి. అడిగే దిక్కు లేనివాళ్లు పొలం తాకట్టు పెట్టేవాళ్లు. పొలమూ లేనివాళ్లు రోగిని ఇంటికి తీసుకెళ్లిపోయేవాళ్లు.

2004లో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు. ఆ అర్జీలన్నిటినీ ఒక పథకం కిందికి తెస్తూ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మూడూ కరువుకో వలసకో పేరుపడ్డ జిల్లాలే. తెల్ల కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర దాకా ఉచిత వైద్యం, అదీ చాలకపోతే మరో 50 వేలు. మొదట బీమా కంపెనీ ద్వారా నడిచింది, ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. 2008లో పథకాన్ని చూసే ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా మరిన్ని చికిత్సలు చేర్చింది. మొత్తం 942కి చేరాయి.

పేదవాడికి అన్నిటికన్నా పెద్ద మార్పు ఆసుపత్రి గుమ్మంలోనే కనిపించింది. లోపలికి అడుగుపెట్టగానే పథకం రోగులకు సాయంచేసే ఆరోగ్యమిత్రల కౌంటర్. ప్లాస్టిక్ కవర్లో మడిచి, కొంగున ముడేసుకున్న కార్డు తీసిస్తే చాలు, మిగతా కాగితాలు వాళ్లే చూసుకునేవాళ్లు. కార్పొరేట్ ఆసుపత్రి మెట్లు ఎక్కడానికే జంకిన మనిషి అక్కడ ఏసీ వార్డులో పడుకున్నాడు. ఈ పథకాన్ని ఎంత విమర్శించినా ఆ మాట మరిచిపోకూడదు.

విమర్శలూ గట్టివే. ప్రైవేటు ఆసుపత్రులకు కేసుకు ఇంత అని డబ్బు వస్తుండటంతో కొన్నిచోట్ల అవసరం లేని ఆపరేషన్లు జరిగాయి. చిన్న వయసు ఆడవాళ్లకు గర్భసంచులు తీసేస్తున్నారన్న గోల పెరిగాక ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. పథకం పెద్ద జబ్బుల కోసం పుట్టింది. బీపీ, షుగర్ మాత్రలు, ఓపీ చీటీ, స్కానింగ్, పట్నం వెళ్లే బస్సు చార్జీ, తోడుగా వెళ్లినవాడి రోజు కూలి... ఇవన్నీ దాదాపుగా బయటే ఉండిపోయాయి. గుండెకు స్టెంటు ఉచితంగా పడుతుంది గానీ, ఆ గుండె దాకా జబ్బు రాకుండా ఆపే మాత్రలకు నెలనెలా చేతి డబ్బే. ఊరికి నెలకోసారి మందులు తెచ్చే 104 బండి ఈ ఖాళీ పూడ్చడానికే వచ్చింది. అది రాని నెల మాత్ర మానేసిన ముసలివాళ్లు ఎందరో.

2014లో రాష్ట్రం విడిపోయాక పేర్లు మారాయి, పరిమితులు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019లో మళ్లీ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలైంది, అదే నెల ఆంధ్రలో 25 లక్షలు చేశారు. అంకె పెరిగినంత వేగంగా బిల్లులు చెల్లించలేదు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల పేరుతో సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో కార్డు చేతిలో ఉన్న రోగి మళ్లీ ప్రభుత్వాసుపత్రి ఓపీ లైన్లోకే వెళ్లాల్సి వచ్చింది.