ఊరు నగరానిది, ఆరోగ్యం కౌంటీది

లాస్ ఏంజెలెస్ వైపు వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది పయనీర్ బులవార్డ్ మీద దోసె తినే ఉంటారు. చీరల షాపులు, స్వీట్ షాపులు, మన కూరగాయలు దొరికే దుకాణాలు ఉన్న ఆ వీధి ఆర్టీసియా అనే చిన్న నగరంలో ఉంది. అక్కడ చాలా రెస్టారెంట్ల గుమ్మం దగ్గర నీలి రంగులో పెద్ద 'ఎ' అక్షరం ఉన్న కార్డు కనబడుతుంది. వంటగది శుభ్రతకు వచ్చిన గ్రేడ్ అది. కానీ ఆ కార్డు ఇచ్చింది ఆర్టీసియా నగరం కాదు, లాస్ ఏంజెలెస్ కౌంటీ. ఆర్టీసియాకు సొంతంగా ప్రజారోగ్య శాఖే లేదు.

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. కాకపోతే పైన కలెక్టర్ ఉండరు, ప్రజలు ఎన్నుకున్న సూపర్‌వైజర్ల బోర్డు ఉంటుంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో దాదాపు కోటి మంది జనాభా, 88 నగరాలు ఉన్నాయి. పూర్తిస్థాయి ఆరోగ్య శాఖ నడుపుకుంటున్నవి వాటిలో రెండే: లాంగ్ బీచ్, పాసడీనా. కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తం మీద చూసినా, 58 కౌంటీలు కాక అలాంటి నగరాలు మూడే. మూడోది బర్క్‌లీ.

చట్టం చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. కాలిఫోర్నియాలో ప్రతి నగరమూ ఒక హెల్త్ ఆఫీసర్‌ని నియమించుకోవాలి. ఆ పనిని కౌంటీకి అప్పగించే ఏర్పాటు చేసుకుంటేనే మినహాయింపు. అంటే బాధ్యత మొదట నగరానిదే. చట్టంలో మినహాయింపుగా ఉన్నది వాడుకలో రివాజైపోయింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిన్న ఊళ్లకు ఫుల్‌టైమ్ డాక్టర్ని పెట్టుకునే స్తోమత లేదు. 1915లో లాస్ ఏంజెలెస్ కౌంటీ జాన్ పోమెరాయ్ అనే డాక్టర్ని పూర్తికాలపు హెల్త్ ఆఫీసర్‌గా తీసుకుని శాఖను నిలబెట్టింది. చిన్న నగరాలు ఒక్కొక్కటిగా ఆ శాఖ వైపు మళ్లాయి. లాస్ ఏంజెలెస్ నగరానికి మాత్రం అప్పటికే సొంత శాఖ ఉండేది.

1924 శరత్కాలంలో ప్లేగు వచ్చింది. న్యుమోనియా రూపంలో, దగ్గినా తుమ్మినా అంటుకునే రకం. మేసీ స్ట్రీట్ చుట్టుపక్కల మెక్సికన్ పేదలు ఉండే ఇళ్లలో మొదలైంది. ఒకే ఇంటివాళ్లు, చూడ్డానికి వచ్చిన బంధువులు, ప్రార్థన చేయడానికి వచ్చిన ఫాదర్, ఇలా ఒకరి వెంట ఒకరు రోజుల తేడాతో చనిపోయారు. మృతుల సంఖ్య 30 దాటింది. మేసీ స్ట్రీట్ నగరంలో ఉంది. రోగం పాకిన బెల్వెడేర్ నగరం బయట, కౌంటీ పరిధిలో ఉంది. రోగులను చేర్చిన పెద్దాసుపత్రి కౌంటీది. రెండు చోట్లా కాపలా పెట్టి జనాన్ని కదలనివ్వలేదు. ఆ ఇళ్లలో చిక్కుకున్నవాళ్లకు తాముంటున్నది ఎవరి పరిధో తెలిసి ఒరిగేదేమిటి? నగరానికో శాఖ, కౌంటీకో శాఖ ఉండటంలోని చిక్కు నాకు అన్నిటికంటే ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

అయినా నగరం తన శాఖను ఇంకో నలభై ఏళ్లు నడుపుకుంది. నగరవాసి కౌంటీకీ పన్ను కడతాడు, నగరానికీ కడతాడు. ఒకే పనికి రెండుసార్లు ఎందుకు కట్టాలన్న వాదన బలపడింది. చివరికి 1964లో లాస్ ఏంజెలెస్ తన ఆరోగ్య శాఖను కౌంటీలో కలిపేసింది.

ఈలోపు 1954లో లేక్‌వుడ్ పుట్టింది. యుద్ధం తర్వాత బీన్స్ పొలాల్లో వరసగా వేల ఇళ్లు లేచిన ఊరది. పక్కనున్న లాంగ్ బీచ్ కలిపేసుకుంటుందేమోనన్న టెన్షన్‌లో జనం ఓటేసి సొంత నగరంగా ఏర్పడ్డారు. పోలీసు మొదలుకొని దాదాపు అన్ని సేవలనూ కౌంటీ నుంచే కాంట్రాక్టు మీద తీసుకున్నారు. దానికి లేక్‌వుడ్ ప్లాన్ అని పేరొచ్చింది. 1956 నుంచి అమ్మకపు పన్నులో వాటా నగరాలకు ఖాయం కావడంతో అదే దారిలో ఒకదాని వెంట ఒకటి కొత్త నగరాలు వచ్చాయి. 1959లో ఏర్పడిన ఆర్టీసియా వాటిలో ఒకటి. ఆరోగ్య శాఖ అన్నది వీటికి ఏనాడూ లేదు కాబట్టి, పోయిందన్న బెంగా లేదు.

ఈ ఏర్పాటులో ఒక మడత ఉంది. నగరం తీర్మానం చేస్తే కౌంటీ హెల్త్ ఆఫీసర్ అక్కడ రాష్ట్ర చట్టాలను అమలు చేస్తారు. కౌంటీ బోర్డు సొంతంగా చేసిన ఆర్డినెన్సు (స్థానిక చట్టం) మాత్రం నగరం కూడా ఆమోదిస్తే తప్ప అక్కడ చెల్లదు. ఆ 'ఎ' కార్డు కథే చూడండి. 1997 నవంబరులో ఒక టీవీ ఛానల్ రహస్య కెమెరాలతో వంటగదుల మురికిని చూపించింది. జనం భగ్గుమన్నారు. కౌంటీ వెంటనే ఆర్డినెన్సు తెచ్చింది: 90 లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వస్తే 'ఎ', 80 నుంచి 'బి', 70 నుంచి 'సి', కార్డు గుమ్మంలో కనబడాలి. 1998 జనవరిలో అమల్లోకి వచ్చింది, అదీ నగరాల బయటి ప్రాంతాల్లోనే. నగరాలు తమకు వీలైనప్పుడు ఒక్కొక్కటిగా ఒప్పుకున్నాయి. కొన్నాళ్లపాటు అదే ఇన్‌స్పెక్టర్, అవే మార్కులు అయినా, నగరం హద్దుకు ఇటువైపు కార్డు తప్పనిసరి, అటువైపు కాదు.

2020లో అసలు ప్రశ్న పైకి వచ్చింది. నవంబరు చివర్లో, కోవిడ్ కేసులు పెరగడంతో, రెస్టారెంట్ల బయట కూర్చుని తినడాన్ని కూడా కౌంటీ హెల్త్ ఆఫీసర్ రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారంతో ఆపేశారు. సొంత హెల్త్ ఆఫీసర్ ఉన్న పాసడీనా మాత్రం ఆపలేదు. డిసెంబరులో రాష్ట్రం ఆంక్షలు పెట్టేదాకా అక్కడ బల్లలు బయటే ఉన్నాయి. మిగతా నగరాల మేయర్లకు తమ చేతిలో ఏమీ లేదని అప్పుడు తెలిసొచ్చింది. 2021 ఫిబ్రవరిలో వెస్ట్ కొవీనా అనే నగరం కౌన్సిల్ కౌంటీ నుంచి విడిపోయి సొంత శాఖ పెట్టాలని తీర్మానించింది. అది కార్యరూపం దాల్చలేదు.

వ్యాపారులు పడిన బాధ నిజం. కానీ ఆరోగ్య శాఖ అంటే రెస్టారెంట్లు మూయించే ఆఫీసు ఒక్కటే కాదు. టీబీ రోగి నెలల తరబడి మందు మానకుండా నర్సు ఇంటికి వెళ్లి దగ్గరుండి మింగించాలి. ల్యాబ్ కావాలి, రోగం ఎవరి నుంచి ఎవరికి పాకిందో ఆరా తీసే మనుషులు కావాలి. పైగా 1991లో రాష్ట్రం ఆరోగ్య నిధుల పంపకాన్ని మార్చినప్పుడు కౌంటీలతో పాటు వాటా దక్కింది బర్క్‌లీ, లాంగ్ బీచ్, పాసడీనాలకే. కొత్తగా వచ్చే నగరానికి ఆ డబ్బు దానంతటదే రాదు. లక్ష జనాభా ఉన్న ఊరు ఒక కోపంలో ఇదంతా నెత్తికెత్తుకోవడం నాకు సబబు అనిపించదు.

పని అప్పగించిన నగరం లెక్క అడగడం మానేయడమే అసలు లోపం. హెల్త్ ఆఫీసర్ జవాబుదారీ కౌంటీ బోర్డుకే. ఆర్టీసియా లాంటి ఊరు కనీసం ఏడాదికోసారి కౌంటీ అధికారిని బహిరంగ సమావేశానికి పిలిచి, మా ఊళ్లో ఎన్ని వంటగదులు చూశారు, టీబీ కేసులెన్ని, పిల్లల టీకాల సంగతేమిటి అని అడగొచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కౌన్సిల్ అజెండాలో ఒక అంశం చేరిస్తే చాలు.