పిలిస్తే రాని కుక్కతో అజిలిటీ: అపోహలు - వాస్తవాలు

"మా కుక్క లీష్ విప్పితే చాలు, చేతికి దొరకదండీ. మాకు అజిలిటీ కుదరదేమో!" హైదరాబాద్‌లో కుక్కలకు శిక్షణ ఇస్తున్న నాకు చాలా ఫోన్లు ఇలాగే మొదలవుతాయి. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. అజిలిటీ అంటే మనం చూపించే దారిలో కుక్క హర్డిల్స్ (దూకాల్సిన అడ్డుకర్రలు), టన్నెల్ (దూరి వెళ్లే గొట్టం) లాంటి అడ్డంకులను వేగంగా దాటే ఆట. గుర్రాల జంపింగ్ పోటీలను చూసి అల్లిన ఈ ఆటను 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోలో మొదట ప్రదర్శించారు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనల ప్రకారం కుక్క లీష్ లేకుండానే పరిగెత్తాలి. మన చేతిలో ట్రీట్ గానీ బొమ్మ గానీ ఉండకూడదు. కుక్క రింగ్ (పోటీ జరిగే ఆవరణ) వదిలి పారిపోతే పోటీ నుంచి ఔట్.

అపోహ: పిలుపు పక్కాగా కుదిరాకే అజిలిటీ మొదలుపెట్టాలి.

పోటీకైతే ఆ మాట నిజం. నేర్చుకోవడానికి మాత్రం ఆగక్కర్లేదు. చుట్టూ కంచె, తాళం వేసిన గేటు, నేలమీద పెట్టిన ఒక్క బార్ (అడ్డుకర్ర) ఉంటే చాలు. కుక్క బార్ దాటి మీ దగ్గరకు వస్తే ట్రీట్ మీ కాళ్ల దగ్గరే దొరకాలి. మూడు సెకన్ల పని. రెండో బార్, టన్నెల్ ఆ తర్వాత మెల్లగా. పన్నెండు వీవ్ పోల్స్ (కుక్క మెలికలు తిరుగుతూ దాటే నిలువు కర్రలు) సంగతి ఇప్పుడే వద్దు.

అపోహ: పిలిస్తే రాని కుక్క మొండిది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. బుజ్జి అని రెండేళ్ల ఇండీ (మన నాటు కుక్క) ఒకటి మా దగ్గరకు వచ్చింది. దాన్ని పెంచుకుంటున్న ఆవిడ "బుజ్జీ కమ్! కమ్! కమ్!" అని గొంతు పోయేలా పిలుస్తున్నారు. అది పది అడుగుల దూరంలో తల వంచి చుట్టూ తిరుగుతోంది. దాని చూపు ఆవిడ ముఖం మీద లేదు, చేతిలోని లీష్ మీద ఉంది. ఇంట్లో "కమ్" అని ఎప్పుడెప్పుడు అంటారని అడిగాను. స్నానానికి, గోళ్లు కత్తిరించడానికి, పార్కు నుంచి ఇంటికి తీసుకెళ్లడానికి, ఆఫీసుకు వెళ్తూ గదిలో పెట్టడానికి. ఆ మాట వినపడితే సరదా అయిపోయినట్టే అని బుజ్జికి బాగా తెలుసు. తెలివైన కుక్క ఎందుకు వస్తుంది?

"కమ్" మానేశాం. కొత్త మాట "దా". ఒక్కసారే పిలవాలి. వస్తే ఉడికించిన చికెన్, అదీ ఆ మాటకు మాత్రమే. తింటుండగా హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) పట్టుకుని వెంటనే వదిలేసి "పో, ఆడుకో" అనాలి. పదిసార్లు వస్తే తొమ్మిదిసార్లు తిరిగి ఆటకే పంపాలి. మూడో వారంలో ఒకరోజు బుజ్జి టన్నెల్ లోంచి బయటికొచ్చి, గేటు అవతల వెళ్తున్న పిల్లిని చూసి ఆగింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి, ముందుకాలు గాల్లోనే ఉంది. "దా" అన్నారావిడ మామూలు గొంతుతో. ఒక్క క్షణం ఆలోచించి వెనక్కి తిరిగి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ నేలమీద కూర్చుని ఏడ్చేశారు. నాకూ కళ్లు చెమర్చాయి.

అపోహ: పొడుగు తాడు కట్టి కోర్సు (అడ్డంకుల వరుస) చేయిస్తే సరిపోతుంది.

వద్దు. అయిదు నుంచి పది మీటర్ల తాడు ఖాళీ మైదానంలో పిలుపు ప్రాక్టీసుకు చాలా మంచిది. కాలర్‌కు కాదు, హార్నెస్‌కు కట్టండి; చేతికి గ్లోవ్స్ వేసుకోండి, లేకపోతే అరచేయి కోసుకుపోతుంది. హర్డిల్స్, సీ-సా బల్ల, టన్నెల్ దగ్గర మాత్రం అది దేనికో ఒకదానికి చిక్కుకుంటుంది. వేగంగా వెళ్తున్న కుక్క ఒక్కసారిగా వెనక్కి లాగబడితే వెన్ను దెబ్బతినొచ్చు.

అపోహ: కోర్సు మధ్యలో గిరగిరా తిరిగే కుక్క మనల్ని ఆటపట్టిస్తోంది.

చాలాసార్లు అది టెన్షన్. మనం చేయి ఆలస్యంగా చూపిస్తే ఎటు వెళ్లాలో తెలియక నేల వాసన చూస్తుంది, ఒళ్లు గోక్కుంటుంది, లేదంటే పిచ్చిగా పరిగెడుతుంది. అరిస్తే ఇంకా ఎక్కువవుతుంది. అడ్డంకులు తగ్గించి, సులువైనది ఒకటి చేయించి ఆపేయండి. వేసవిలో పొద్దెక్కాక ఎండకు కూడా మాట వినదు, తెల్లవారుజామునే రండి.

అపోహ: షాక్ కాలర్ పెడితే దారికొస్తుంది.

నేను వాడను, వాడనివ్వను. నొప్పి కలిగిన క్షణంలో ఎదురుగా టన్నెల్ ఉంటే టన్నెల్ అంటే భయం, చిన్నపిల్లాడు ఉంటే పిల్లాడంటే భయం పట్టుకుంటుంది.

అపోహ: అజిలిటీ నేర్పితే పిలుపు దానంతటదే వచ్చేస్తుంది.

రాదు. మైదానంలో చక్కగా వచ్చే కుక్క వీధిలో మళ్లీ చెవిన పెట్టదు. మేడమీద, మెట్ల దగ్గర, పార్కులో విడివిడిగా నేర్పాల్సిందే. మనల్ని పట్టించుకోకుండా తనంతట తానే టన్నెల్‌లో దూరి ఆడుకునే కుక్కను "భలే హుషారు" అని మెచ్చుకోవద్దు. మీరు లేకున్నా ఆట దొరుకుతుందని అది నేర్చుకుంటుంది.

బుజ్జి ఇప్పుడు వరుసగా ఆరు అడ్డంకులు దాటి, చివర్లో లీష్ పక్కన పెట్టిన చికెన్ దగ్గరకు తానే వస్తోంది. ఇంకా పోటీకి తీసుకెళ్లలేదు. గేటు అవతల వీధికుక్కలు మొరిగితే ఇప్పటికీ రెండోసారి పిలవాల్సి వస్తోంది. ఒక్క పిలుపుకే వచ్చేంతవరకు గేటుకు తాళం వేసే పరిగెత్తిస్తున్నాం.