వెనక షాక్ చిక్కంతా చైన్‌తోనే

మౌంటెన్ బైక్‌కి ముందు షాక్ తొందరగానే కుదిరింది. పాల్ టర్నర్ రూపొందించిన రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) 1989లో వచ్చింది. కదలిక సుమారు 50 మి.మీ. మరుసటి ఏడాదే అమెరికాలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ దాంతో డౌన్‌హిల్ (కొండ దిగే రేసు) గెలిచాడు. వెనక చక్రం అలా లొంగలేదు. దాన్ని చైన్ లాగుతుంటుంది.

వెనక చక్రాన్ని మోసే చేయి స్వింగ్ ఆర్మ్. అది ఫ్రేమ్‌కి అతుక్కుని తిరిగే కీలు, అంటే పివట్, మరీ కిందుంటే, గట్టిగా తొక్కినప్పుడల్లా వెనక భాగం కుంగి లేస్తుంది. మరీ పైనుంటే చైన్ లాగుడుకి సస్పెన్షన్ బిగుసుకుంటుంది. చక్రం రాయెక్కినప్పుడు ఇరుసుకీ క్రాంక్‌కీ మధ్య దూరం పెరిగి పెడల్ వెనక్కి తన్నుతుంది. దీనికితోడు 1990ల మొదట్లో చాలా బైకుల్లో స్ప్రింగ్ బదులు ఎలాస్టోమర్ (రబ్బరు లాంటి పదార్థం) ముక్కలే. చలికి గట్టిపడేవి, ఊపుని అణిచే డ్యాంపింగ్ లేక సీటుని ఎగరేసేవి.

దశాబ్దం మధ్యలో ట్రెక్ వై, క్లైన్ మాంట్రా లాంటి బైకులు క్రాంక్ తిరిగే బాటమ్ బ్రాకెట్‌ని కూడా వెనక ఫ్రేమ్‌మీదికే మార్చేశాయి. ఇక చైన్ పొడవు మారదు, పెడల్ తన్నదు. కానీ లేచి నిలబడితే మనిషి బరువంతా ఆ వెనక భాగంమీదే పడి సస్పెన్షన్ దాదాపు ఆగిపోతుంది. అసలు షాక్ కావాల్సింది రాళ్లలో నిలబడి దిగేటప్పుడే కదా! ఈ డిజైన్ కనుమరుగైనందుకు బాధపడాల్సింది లేదు.

నిలిచిన మార్గం మోటార్‌సైకిళ్ల వైపు నుంచి వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టిన మోటోక్రాస్ రేసర్ హోర్స్ట్ లైట్నర్, కాలిఫోర్నియాలోని తన సంస్థ ఏఎంపీ రీసెర్చ్‌లో చైన్‌స్టేమీద (చైన్ పక్కన వెళ్లే కింది గొట్టం), ఇరుసుకి కాస్త ముందు, ఒక పివట్ అదనంగా పెట్టాడు. దాంతో ఇరుసు సీట్‌స్టే (సీటు వైపు వెళ్లే పై గొట్టం) వైపు చేరింది. చక్రం మెయిన్ పివట్ చుట్టూ గీసే మామూలు వంపుకి కట్టుబడాల్సిన పని లేదు. బ్రేక్ కూడా సీట్‌స్టేమీదే ఉంటుంది కాబట్టి, బ్రేక్ నొక్కినా సస్పెన్షన్ బాగానే కదులుతుంది.

ఈ పేటెంట్లను స్పెషలైజ్డ్ అనే బైకుల కంపెనీ 1998లో కొనేసింది. అమెరికాలో అమ్మాలంటే మిగతావాళ్లు అప్పట్లో లైసెన్స్ ఫీజు కట్టాల్సి వచ్చేది, లేదా ఆ డిజైన్‌ని తప్పించుకోవాల్సి వచ్చేది. కోనా లాంటి కంపెనీలు పివట్‌ని ఇరుసుకి పైన, సీట్‌స్టేమీద పెట్టాయి. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయిగానీ, రెండోదాంట్లో చక్రం తిరిగేది పాత సింగిల్ పివట్ దారిలోనే.

పాత ఫ్రేమ్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇరుసు దగ్గరి ఆ చిన్న పివట్ ఎక్కడుందో. తర్వాత సీటుని ఒక చేత్తో అదిమిపట్టి, వెనక రిమ్‌ని అటూ ఇటూ ఊపాలి. హబ్ బిగువుగానే ఉండి టక్‌టక్‌మంటే పివట్ బుష్‌లు (లోపలి తొడుగులు) అరిగినట్టే. ఫ్రేమ్ బేరమాడేముందు ఆ కొలత బుష్‌లు ఇంకా దొరుకుతాయో లేదో కనుక్కోవాలి.